పేరు లేని స్వరము: ధ్వనిలేఖనమున అమరికలు, వివరములు



ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయువారికి ఒక సత్యమును వేరుగా బోధింప నక్కరలేదు. సంఖ్య లేని కాగితము కాగితము కాదు. ఎంత విలువైన ఉత్తరమైనను, అది ఎవరు వ్రాసినది, ఎవరికి వ్రాసినది, ఏ తేదిన వచ్చినది, ఏ విషయమునకు సంబంధించినది అను నాలుగు ముక్కలు పైన లేనిచో, రికార్డు గదిలో అది ఉన్నను లేనట్టే. వెదకువానికి దొరకదు, దొరికినను దానిని నమ్మి సంతకము చేయు అధికారి ఉండడు. కాగితము విషయమున ఇంత జాగ్రత్త గలవారే ధ్వని విషయమున మిక్కిలి ఉదాసీనులై యుందురు. ఇంటి అలమారలో క్యాసెట్లుండును. సంఘపు బీరువాలో వార్షికోత్సవముల టేపులుండును. చేతిలోని ఫోనులో తాతగారి ముచ్చట్లు, అమ్మమ్మగారి మంగళహారతులు ఉండును. వాని పేర్లు చూడబోయినచో "కొత్త రికార్డింగు 1", "కొత్త రికార్డింగు 2" అని మాత్రమే కనిపించును.

ఈ ఉదాసీనత వలన కేంద్రప్రభుత్వోద్యోగులకు కలుగు నష్టము ఇతరులకంటె అధికము. బదిలీ వారి జీవితధర్మము. నేడు ఢిల్లీలో ఉన్న కుటుంబము మూడేండ్లకు నాగపూరులోనో గౌహతిలోనో ఉండును. టేపుమీద పాడినది ఎవరో, ఆ సభ ఎక్కడ జరిగినదో తెలిసిన సభ్యుడు బదిలీపై పోయినప్పుడు టేపు బీరువాలోనే ఉండును గాని, దాని వృత్తాంతము ఆయన పెట్టెబేడలతో పాటు రైలెక్కి పోవును. తెలుగునాటికి దూరముగా పుట్టి పెరిగిన మనుమడు ఒకనాడు ఆ టేపు వినును. పాట చక్కగా వినబడును. కాని పాడినది తన నాయనమ్మయే అని వానికి చెప్పువారెవరు? కావున స్వరమును దాచుటతో పని తీరదు. స్వరము యొక్క పేరును స్వరములోనే దాచవలెను. నేటి ప్రసంగమునకు అదియే విషయము.

ఇది కంప్యూటరు పుట్టిన తరువాత వచ్చిన ఆలోచన కాదు. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను నిపుణుడు కలకత్తాకు వచ్చి, ప్రసిద్ధ గాయని గౌహర్ జాన్ గానమును రికార్డు చేసెను. పాట ముగియగానే ఆమె ఇంగ్లీషులో తన పేరు తాను బిగ్గరగా చెప్పుకొనెడిది. అది గర్వముచేత కాదు. ఆ మైనపు ముద్రలు ఓడనెక్కి జర్మనీలోని హానోవరు నగరమునకు పోవలెను. అచ్చటి కార్మికులకు హిందూస్థానీ తెలియదు. ఏ పాట ఎవరిదో వారు గుర్తించుటకు ఆ ఒక్క మాటయే ఆధారము. పెట్టెపై అతికించిన కాగితము ఊడిపోవచ్చును, గాని ముద్రలోనే చెక్కబడిన పేరు ఊడిపోదు. నూరేండ్లు గడచిన తరువాత కూడ ఆ రికార్డు విన్నవారు ఆ స్వరము ఎవరిదని ఎవరినీ అడుగ నక్కరలేదు.

తెలుగు కావ్యములు చదివినవారికి ఈ పద్ధతి ఇంకను సుపరిచితము. ఆశ్వాసము ముగియునప్పుడు కవి గద్యము వ్రాసి, అందు తన తండ్రి పేరు, తన పేరు, కావ్యము పేరు, ఆశ్వాసపు సంఖ్య చెప్పును. తాటియాకు కట్ట త్రాడు తెగి ఆకులు చెదరినను, ఆ గద్యమును చూచి ఇది ఏ కావ్యమున ఎన్నవ ఆశ్వాసమో పోల్చుకొనవచ్చును. కావ్యారంభమున అవతారిక ఉండును; అందు కృతికర్త, కృతిభర్త, వంశము, సందర్భము విపులముగా వర్ణింపబడును. వస్తువును గురించిన వివరమును వస్తువుతోనే కట్టియుంచు ఈ పద్ధతికే కంప్యూటరు పరిభాషలో మెటాడేటా అని పేరు.

ఇక ధ్వనిని సరిదిద్దు సాఫ్ట్‌వేరు సంగతి. ఇట్టివి పెక్కు గలవు. ఇంటిలోను, సంఘములలోను విరివిగా వాడబడునది ఆడాసిటీ. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున డొమినిక్ మజోని, రోజర్ డానెన్‌బర్గ్ అనువారు 1999లో దీనిని ప్రారంభించిరి; 2000లో ఇది ప్రజలకు ఉచితముగా లభ్యమైనది. దీనిని తెరచినవారు సాధారణముగా ఎఱ్ఱని రికార్డు గుండీని నొక్కి పని ప్రారంభింతురు. కాని గుండీ నొక్కుటకు ముందే చూడవలసిన అమరికలు మూడున్నవి.

మొదటిది శాంప్లింగ్ రేటు. గాలిలోని కంపనమును కంప్యూటరు ఒక సెకనులో వేలమార్లు కొలిచి అంకెలుగా వ్రాసికొనును. ఎన్ని మార్లు కొలవవలెను? మానవుని చెవి సుమారు 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. ఆ సంఖ్యకు రెట్టింపుకంటె ఎక్కువ మార్లు కొలిచిననే ధ్వని చెడక తిరిగి వచ్చునని నైక్విస్ట్, షానన్ అను శాస్త్రజ్ఞుల పేర్లతో ప్రసిద్ధమైన సూత్రము. అందుచేతనే 1982లో విపణికి వచ్చిన కాంపాక్ట్ డిస్కునకు సెకనుకు 44,100 కొలతలు నిర్ణయింపబడినవి.

రెండవది బిట్ల సంఖ్య, అనగా ఒక్కొక్క కొలత ఎంత సూక్ష్మముగా వ్రాయబడవలెననునది. 16 బిట్లయినచో కొలబద్దమీద 65,536 గీతలుండును. 24 బిట్లయినచో 1,67,77,216 గీతలుండును. ఒక్కొక్క బిట్టు సుమారు 6 డెసిబెల్‌ల వెడల్పు నిచ్చును. కావున 16 బిట్లకు 96, 24 బిట్లకు 144 డెసిబెల్‌లు సిద్ధాంతరీత్యా లభించును. అంతర్జాతీయ ధ్వని, దృశ్యశ్రవణ భాండాగారముల సంఘము 2009లో వెలువరించిన మార్గదర్శక గ్రంథపు రెండవ కూర్పున, పాత టేపులను, రికార్డులను భద్రపరచునప్పుడు కనీసము 48,000 రేటు, 24 బిట్లు ఉండవలెననియు, 96,000 రేటు మేలనియు సూచించినది.

మూడవది ధ్వని మట్టము. కొలబద్దకు సున్న డెసిబెల్ పైకప్పు వంటిది. స్వరము దానిని తాకినచో తరంగముల శిఖరములు నరికివేయబడును. అట్లు నరికిన శిఖరములను తరువాత అతికించు విద్య నమ్మదగినది లేదు. గాయకుడు తారస్థాయి నందుకొన్నప్పుడు, సభ చప్పట్లు కొట్టినప్పుడు మట్టము ఒక్కుమ్మడి పైకెగయును. కావున మిక్కిలి బిగ్గరైన చోటకూడ సూచిక మైనస్ 6 దగ్గర నిలుచునట్లు ముందుగా సరిచూచుకొనుట క్షేమము.

ఈ మూడును ముందే చేయవలసినవి. 44,100 రేటుతో పట్టిన ధ్వనిని తరువాత 96,000గా మార్చి దాచినంత మాత్రమున కొత్త వివరమేదియు రాదు. పలుచని మజ్జిగను పెద్ద గిన్నెలో పోసినచో అది పెరుగు కాదు గదా!

మరియొక విషయము. శాంప్లింగ్ రేటు అనునది అమరిక మాత్రమే కాదు. ఫైలు మొదట వ్రాయబడియుండు వివరము కూడ. ఆ ఒక్క అంకె తప్పినచో ఏమగునో చూడుడు. 48,000 రేటుతో పట్టిన ఒక గంట కచ్చేరీకి పొరపాటున 44,100 అని చీటీ పడినదనుకొందము. వాయించు యంత్రము ఆ చీటీని నమ్మి మెల్లగా నడుపును. గంట కచ్చేరీ 65 నిమిషముల 18 సెకనులు సాగును. శ్రుతి సుమారు ఒకటిన్నర స్వరస్థానములు దిగిపోవును. అయిదు శ్రుతిలో పాడిన గాయని నాలుగు, నాలుగున్నర శ్రుతుల నడుమ ఎక్కడనో పాడినట్లు వినబడును. ధ్వనిలో ఒక్క అంకెయు చెడలేదు; చెడినది చీటీ మాత్రమే. వివరము ఎంత బలవత్తరమైనదో దీనివలన తెలియును.

పట్టిన ధ్వనిని ఏ రూపమున దాచవలెననునది తరువాతి ప్రశ్న. 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీయం సంస్థలు రూపొందించిన వేవ్ ఫైలు ధ్వనిని యథాతథముగా ఉంచును. స్థలము మాత్రము ఎక్కువ పట్టును. 96,000 రేటు, 24 బిట్లు, రెండు మార్గములు అయినచో గంటకు సుమారు 207 కోట్ల బైట్లగును. సామాన్యమైన వేవ్ ఫైలు 4 గిగాబైట్లను మించజాలదు గనుక, ఈ అమరికతో రెండు గంటల నాలుగు నిమిషములకు పైబడిన కచ్చేరీ ఒకే ఫైలులో ఇమడదు. త్యాగరాజ ఆరాధనోత్సవమును ఆసాంతము పట్టదలచినవారు ఈ సంగతి ముందే ఎఱిగి భాగములుగా పట్టుట మంచిది. 2001లో వెలువడిన ఫ్లాక్ అను రూపము ఒక్క అంకెనైనను వదలక ధ్వనిని కుదించి దాచును. అసలు ధ్వని చెడినదా లేదా అని సరిచూచుటకు ఒక పరీక్షా సంఖ్యను కూడ తనలో ఉంచుకొనును. ఎంపీ3 రూపము వేరు. చెవి పట్టించుకొనదని భావించిన భాగములను అది శాశ్వతముగా విడిచివేయును. సెకనుకు 1,28,000 బిట్లయినచో గంట ధ్వని 5 కోట్ల 76 లక్షల బైట్లలో ఇమిడిపోవును. పంచుకొనుటకు అది అనుకూలమే, భద్రపరచుటకు తగదు.

ఇచ్చట పలువురు తెలియక చేయు పొరపాటొకటి కలదు. ఎంపీ3 ఫైలులో గాయకుని పేరు తప్పుపడినదని, దానిని ఆడాసిటీలో తెరచి, పేరు దిద్ది, తిరిగి ఎంపీ3గా ఎగుమతి చేయుదురు. పేరు దిద్దబడును గాని ధ్వని మరియొకమారు కుదింపబడి మరికొంత నష్టపోవును. టైపు యంత్రముల కాలమున కార్బను కాగితముల క్రింద అయిదవ ప్రతి ఎట్లుండెడిదో పెద్దలకు గుర్తుండును. ఆ ప్రతినుండి మరియొక ప్రతి తీసినట్లగును. కేవలము పేరు మార్చవలసి వచ్చినచో, ధ్వనిని ముట్టక వివరములను మాత్రమే దిద్దు ఉపకరణములు గలవు. కిడ్3, ఎంపీ3ట్యాగ్ అట్టివి.

ఇక వివరముల పట్టిక. ఎంపీ3 ఫైళ్లలో పేర్లు వ్రాయుటకు 1996లో ఐడీ3 అను పద్ధతి వచ్చినది. ఫైలు చిట్టచివర 128 బైట్ల స్థలము. అందు పాట పేరునకు 30, గాయకునికి 30, సంపుటికి 30, సంవత్సరమునకు 4. ఇది అచ్చముగా ఆశ్వాసాంత గద్యమే. 1998లో వచ్చిన రెండవ పద్ధతి ఫైలు మొదటనే విశాలమైన స్థలము కేటాయించినది. అది అవతారిక వంటిది. మొదటి పద్ధతి పాశ్చాత్యుల అక్షరములకై ఏర్పడినది. యూటీఎఫ్-8 అను నేటి లిపి సంకేతమున తెలుగు సంకేతమొక్కొక్కటి మూడు బైట్లు పట్టును. "త్యాగరాజ" అను నాలుగు అక్షరముల మాటలో ఒత్తులు, దీర్ఘములు విడివిడిగా లెక్కకు వచ్చి ఎనిమిది సంకేతములగును. అనగా 24 బైట్లు. 30 బైట్ల గడిలో "త్యాగరాజ" వ్రాయగా మిగులునది ఆరు బైట్లే. "స్వామి" అను మాటకు కూడ చోటు చాలదు. కావున తెలుగులో వివరములు వ్రాయదలచినవారు ఐడీ3 రెండవ పద్ధతినిగాని, మొదటినుండి యూటీఎఫ్-8 నే అంగీకరించు ఫ్లాక్ రూపమునుగాని ఆశ్రయింపవలెను. వ్రాసిన తరువాత ఆ ఫైలును మరియొక కంప్యూటరులో, మరియొక వాయించు సాఫ్ట్‌వేరుతో తెరచి తెలుగు అక్షరములు సరిగా కనబడుచున్నవో లేదో చూచుట మరువరాదు.

సంగీత భేదములకు ఆ మొదటి పద్ధతిలో 80 సంఖ్యలు కేటాయింపబడినవి. అందు పోల్కా నృత్యమునకు స్థానము కలదు. కర్ణాటక సంగీతమునకు లేదు. ఆడాసిటీలోని వివరముల పట్టికయందు మామూలుగా ఏడు గడులుండును: కళాకారుని పేరు, పాట పేరు, సంపుటి పేరు, వరుస సంఖ్య, సంవత్సరము, సంగీత భేదము, వ్యాఖ్యలు. రాగమెక్కడ? తాళమెక్కడ? వాగ్గేయకారుడెక్కడ? వయొలిన్, మృదంగము వాయించిన వారెక్కడ? పడమటి దేశపు పాటలమ్ము అంగడి కొరకు ఏర్పడిన పట్టికలో ఇవి లేకుండుట వింత కాదు. అయినను నిరాశ పడనక్కరలేదు. ఆ పట్టికకు కొత్త వరుసలు చేర్చుకొను సౌకర్యము కలదు. రాగము, తాళము, రచయిత, పక్కవాద్యములు, స్థలము అని ఒక్కొక్క వరుస చేర్చి, ఆ పట్టికను మూసగా దాచుకొనినచో ప్రతిసారి కొత్తగా వ్రాయు శ్రమ తప్పును. ఒక్కటి మాత్రము జాగ్రత్త. మూసలో సంఘము పేరువంటి స్థిరవిషయములే ఉండవలెను. గాయకుని పేరు అందు మిగిలిపోయినచో ఒకరి పాట మరియొకరి ఖాతాలో జమపడును. కొత్త వరుసలను అన్ని సాఫ్ట్‌వేర్లు చూపవు గనుక, ముఖ్యాంశములను వ్యాఖ్యల గడిలోకూడ ఒక వాక్యముగా వ్రాసియుంచుట ఉత్తమము.

పేర్లు వ్రాయుటలో నియమముండవలెను. త్యాగరాజు పేరును రోమను లిపిలో ఒకరు హెచ్ అక్షరము చేర్చియు, మరియొకరు చేర్చకయు వ్రాయుదురు. చదువరికి ఇద్దరును ఒక్కరే. కంప్యూటరుకు మాత్రము ఇద్దరు వేర్వేరు మనుష్యులు. తెలుగువారి ఇంటిపేరు ముందు వచ్చును. ఉత్తరదేశపు పట్టికలలో చివరి మాటను ఇంటిపేరుగా తీసికొనుటవలన ఎంత గందరగోళము కలుగునో ఢిల్లీలో ఉద్యోగము చేసిన ప్రతి తెలుగువానికి అనుభవమే. పొడి అక్షరములు విడిచి, ఇంటిపేరు సహితముగా పూర్తి పేరును, అన్నిచోట్ల ఒకే వర్ణక్రమముతో వ్రాయవలెను. "కృష్ణమూర్తిగారు" అని మాత్రమే వ్రాసినచో ఇరువది ఏండ్ల తరువాత ఏ కృష్ణమూర్తిగారని వెదకుదురు?

తేది విషయమునను అట్లే. 12-1-61 అని వ్రాసినచో భారతీయుడు జనవరి 12 అనుకొనును. అమెరికాలోని మనుమడు డిసెంబరు 1 అనుకొనును. "ప్రభవ నామ సంవత్సరము" అని వ్రాసినచో అది 1927-28 కావచ్చును, 1987-88 కావచ్చును. అరువది ఏండ్లకొకమారు ఆ పేరు తిరిగివచ్చును. మొదట సంవత్సరము, పిదప నెల, పిదప దినము వచ్చునట్లు 1961-01-12 అని వ్రాయు అంతర్జాతీయ పద్ధతిలో సందేహమునకు తావు లేదు. ఆ వరుసలో ఫైళ్లకు పేర్లు పెట్టినచో అవి తమంత తామే కాలక్రమమున నిలుచును. ఇంకొక మెలకువ. ఇంటిలో రేడియోనుండి టేపు చేసిన కార్యక్రమమునకు మూడు తేదులుండవచ్చును: కళాకారుడు పాడిన తేది, ఆకాశవాణి ప్రసారము చేసిన తేది, ఆ టేపును కంప్యూటరులోనికి ఎక్కించిన తేది. పట్టికలో సంవత్సరమునకు గడి ఒక్కటియే. తొందరలో అందు ఎక్కించిన సంవత్సరమును వ్రాసినచో, ఎన్నడో గతించిన గాయకుడు నిన్న మొన్న పాడినట్లగును. మూడింటిని వేర్వేరుగా పేర్కొనుటయే ధర్మము.

తెలియనిదానిని తెలియదని వ్రాయుట మరియొక ధర్మము. ఊహించి వ్రాసిన పేరు ఖాళీ గడికంటె ప్రమాదకరము. ఖాళీ గడి వెదకుమని ప్రేరేపించును, తప్పు పేరు వెదకులాటను ఆపివేయును. "గాయని పేరు తెలియదు, ఫలానా కుటుంబపు పెద్దలు ఫలానా వారని చెప్పుదురు" అని వ్రాసినచో చదువువాడు తగిన మేరకే నమ్మును.

మాతృకను కాపాడుట అన్నింటికంటె ముఖ్యము. ఆడాసిటీలో బుసబుస శబ్దమును తగ్గించుటకు, చిటపటలను తుడుచుటకు సాధనములు గలవు. అవి ఉపయోగకరములే. కాని మొదట ఎక్కించిన ఫైలును ముట్టక, దాని ప్రతిమీదనే ఆ పనులు చేయవలెను. ప్రాచీన గ్రంథములను పరిష్కరించు పండితుడు తనకు నచ్చని పాఠమును తాళపత్రముమీద గోకివేయడు; వేరు కాగితముమీద తన పాఠమును వ్రాసికొనును. రేపటివారి చేతిలో నేటికంటె మంచి సాధనములుండవచ్చును. మాతృక నిలిచినచో వారు దానికి మెరుగు పెట్టగలరు. ఆ మాతృకకు కనీసము రెండు ప్రతులు, రెండు వేర్వేరు స్థలములలో ఉండవలెను.

ఇంత చేసినను ఫైలు పేరు మారవచ్చును. ఫోనుల ద్వారా ఒకరికొకరు పంపుకొనునప్పుడు పేర్లు మారిపోవుట, లోపలి వివరములు జారిపోవుట తరచుగా జరుగుచున్నదే. కావున పేరును నాలుగుచోట్ల ఉంచుట శ్రేయస్కరము: ఫైలు పేరులో, ఫైలు లోపలి పట్టికలో, సంఘపు రిజిస్టరులో, చివరకు ధ్వనిలోనే. రికార్డు మొదలుపెట్టగానే ఒకరు మైకు ముందు నిలిచి, "నేడు ఫలానా తేది, ఫలానా ఊరు, పాడుచున్నది ఫలానా వారు, కృతి ఇది, రాగమిది" అని చెప్పినచో పది సెకనులు పట్టును. ఆ పది సెకనులు ఏ రూపమునకు మార్చినను, ఎందరి చేతులు మారినను ధ్వనిని విడువవు. పాత టేపు ఎక్కించునప్పుడు ఆ ప్రకటనను మాతృకలో కలుపక, ప్రతికి ముందు చేర్చవచ్చును. గౌహర్ జాన్ 1902లో చేసిన పనికి నేటికిని ఇంతకంటె మేలైన ప్రత్యామ్నాయము లేదు.

అమరికలు తప్పినచో ధ్వని చెడును. దానిని మరల పట్టవలెను, పట్టుటకు వీలులేనిచో ఉన్నదానితో తృప్తిపడవలెను. వివరములు లోపించినచో, అవి తెలిసినవారు ఉన్నంతకాలమే వానిని పూరింపవచ్చును. ఈ రెండవ గడువును ఏ కార్యాలయమును పొడిగింపజాలదు. ప్రతి సంఘమునను టేపు విని "ఇది ఫలానా వారి గొంతు" అని తడుముకొనక చెప్పగల పెద్దలు నేటికిని కొందరు గలరు. యువకులకు కంప్యూటరు తెలియును. పెద్దలకు స్వరములు తెలియును. ఒక ఆదివారము ఉభయులు ఒక బల్లకు ఇరువైపుల కూర్చుండి, ఒక్కొక్క టేపు విని, ఒక్కొక్క గడి నింపినచో చాలును. పని ఆరంభించుటకు కొత్త గదియు, కొత్త నిధియు అక్కరలేదు. బదిలీ ఉత్తర్వు వచ్చునంతలో పెద్దల జ్ఞాపకమునుండి పట్టికలోనికి చేరిన ప్రతి పేరు, ఒక కుటుంబమునకు తిరిగి లభించిన ఆస్తియే యగును.